దక్షిణాఫ్రికా పటంలో ఊరెక్కడ, వాడెక్కడ?

ఆఫ్రికా పాఠం మన బళ్లల్లో ఎట్లా చెప్తారో బడి మెట్లెక్కిన వాళ్లందరికీ తెలుసు. పంతులు గోడకి పటం తగిలిస్తాడు. బెత్తం పెట్టి చూపిస్తాడు. ఇది చీకటి ఖండం. ఇది సహారా ఎడారి, ఇది నైలు నది, ఇది కిలిమంజారో కొండ. ఇచట బంగారము దొరకును. ఇచట వజ్రములు దొరకును. ఇచటి జనులు నల్లగా నుందురు. గంట కొడతారు, పాఠం అయిపోతుంది. ముందు బెంచీ పిల్లలు వెనక్కి తిరిగి మన వాడ పిల్లోణ్ణి చూసి కిసుక్కుమంటారు. ఆ రోజునుంచి వాడికి బళ్లో కొత్త పేరు. కులం పేరు పెట్టి తిడితే అట్రాసిటీ కేసవుతుందని భయం గనక 'నీగ్రో' అంటారు.

పుస్తకాలు మారాయి, నిజమే. చీకటి ఖండం అనే మాట ఇప్పుడు అచ్చులో తక్కువ. చెప్పే నోళ్లు మాత్రం మారలేదు. 2017 మార్చిలో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఒక కుర్రాడు చనిపోతే, ఆఫ్రికా వాళ్లు మనుషుల్ని తింటారని పుకారు లేపి, కనపడిన నైజీరియా విద్యార్థుల్ని గుంపులు గుంపులుగా కొట్టారు. కొట్టినవాళ్లు ఆకాశంలోంచి ఊడిపడలేదు. మన బళ్లల్లో మన సోషల్ పాఠం విన్నవాళ్లే.

మేం అడిగేది ఒకటే. బంగారం దొరుకును, సరే. ఎవరికి దొరుకును? తవ్విందెవరు, మోసిందెవరు, మెళ్లో వేసుకున్నదెవరు? ఈ ప్రశ్నలు లేని భూగోళం భూగోళం కాదు, భూస్వామి పట్టా.

సాయంత్రం బళ్లు నడుపుతున్న సంఘం యువకుల కోసం, గురుకులాల్లో సోషల్ చెప్తున్న మన టీచర్ల కోసం ఇది రాస్తున్నాం. ఆఫ్రికా ఒక దేశం కాదు, 54 దేశాలు. మన ఇండియా లాంటివి తొమ్మిది పట్టేంత నేల. అదంతా ఒక్క గంటలో చెప్పబోతే మళ్లీ చీకటి ఖండమే అవుతుంది. ఒక్క దేశం తీసుకోండి, నెల రోజులు చెప్పండి. మేమైతే దక్షిణాఫ్రికా తీసుకోమంటాం. గాంధీగారిని అక్కడ రైల్లోంచి దింపేశారని కాదు. ఆ దేశం పటం గీసిన బుద్ధీ మన ఊరి పటం గీసిన బుద్ధీ దగ్గర చుట్టాలు గనక. ఆ పటం చదవటం మన పిల్లలకి వచ్చినంత సుళువుగా ఇంకెవరికీ రాదు.

ముందు నేల సంగతి చెప్పాలి. దక్షిణాఫ్రికా విస్తీర్ణం 12 లక్షల 20 వేల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే 2 లక్షల 75 వేలు. మనలాంటివి నాలుగు పట్టి ఇంకా మిగులుతుంది. జనం మాత్రం 2022 లెక్కల్లో 6 కోట్ల 20 లక్షలు. మన రెండు రాష్ట్రాల్లో 2011 నాటికే 8 కోట్ల 40 లక్షలు దాటారు. పడమర అట్లాంటిక్ సముద్రం, తూర్పున మన హిందూ మహాసముద్రమే. మధ్యలో ఎత్తయిన పీఠభూమి. తూర్పున డ్రాకెన్స్‌బర్గ్ కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. వాన ఎక్కువగా తూర్పు వైపే. పడమరకి పోయేకొద్దీ తగ్గిపోయి కరూ అనే మెట్ట నేల, దానికి ఉత్తరాన కలహారి ఎడారి. ఉత్తరాన లింపోపో నది సరిహద్దు. ఆరెంజ్ నది లెసోతో కొండల్లో పుట్టి పడమరగా నడిచి అట్లాంటిక్‌లో కలుస్తుంది. ఈ లెసోతో వేరే దేశం. నాలుగు వైపులా దక్షిణాఫ్రికాయే, మధ్యలో ఇది. ఆ కొండల మీద ఆనకట్టలు కట్టి, సొరంగాలు తవ్వి, 1998 నుంచి ఆ నీళ్లు జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల నగరాలకి, పరిశ్రమలకి తీసుకుపోతున్నారు. నీళ్లు పల్లానికి పోతాయని పాఠంలో ఉంటుంది. డబ్బున్న చోటికి పోతాయని కూడా చెప్పాలి.

రాజధానులు మూడు. పాలన ప్రిటోరియాలో, పార్లమెంటు కేప్‌టౌన్‌లో, అప్పీలు కోర్టు బ్లూమ్‌ఫాంటైన్‌లో. ఆంధ్ర పిల్లలకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు దక్షిణాఫ్రికా పేరే చెప్పారు. ఆ దేశం నుంచి మన ఏలికలకి నేర్చుకోబుద్ధయింది అదొక్కటే.

ఇంతవరకూ ఏ పంతులైనా చెప్తాడు. ఇక్కడ ఆగకూడదు. ఆ పటం మీదే ఇంకో పటం గీయాలి.

1913లో తెల్ల ప్రభుత్వం నేటివ్స్ ల్యాండ్ యాక్ట్ అని ఒక చట్టం చేసింది. దేశంలో మూడింట రెండు వంతులున్న ఆఫ్రికన్లకి నూటికి 7 వంతుల నేల కేటాయించింది. ఆ గిరి దాటి వాళ్లు భూమి కొనకూడదు. 1936లో ఇంకో చట్టం తెచ్చి ఆ 7ని 13 చేస్తామన్నారు. అంతకుముందు తెల్ల ఆసాముల పొలాలు పాలికి చేసుకుంటూ, సొంత ఎడ్లు, సొంత నాగలి పెట్టుకుని సగం పంట తీసుకునే కుటుంబాలు వేలకు వేలుండేవి. ముఖ్యంగా ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లో పాలు చేయటమే కుదరదన్నారు. ఉంటే పాలేరుగా ఉండు, లేదంటే పశువుల్ని తోలుకుని పో. సోల్ ప్లాట్యే అనే ఆఫ్రికన్ పత్రికా సంపాదకుడు సైకిలేసుకుని ఊరూరా తిరిగి ఈ గెంటివేతల్ని కళ్లారా చూశాడు. 1912లో పుట్టిన నేటివ్ నేషనల్ కాంగ్రెస్‌కి, అంటే తర్వాతి ఏఎన్‌సీకి, ఆయన మొదటి కార్యదర్శి. చూసిందంతా 1916లో పుస్తకంగా వేశాడు. అందులో ఒక కుటుంబం ఉంది. చలికాలం, దారినపడ్డారు, మేకలు చస్తున్నాయి. పసిబిడ్డ చనిపోయింది. పూడ్చటానికి జానెడు నేల తమది కాదు. ఎవడి భూమిలో పూడిస్తే ఎవడు పట్టుకుంటాడోనని రాత్రి చీకట్లో దొంగతనంగా పూడ్చుకున్నారు.

ఈ ముక్క మన వాడలో చదివి వినిపించి చూడండి. శ్మశానానికి దారి లేక, శవాన్ని రోడ్డు మీద పెట్టుకుని ఎమ్మార్వో కోసం కూర్చున్న ఊళ్లు మనకెన్ని లేవు! ముసలివాళ్లు కూడా పిల్లల పక్కన చేరి వింటారు.

ఆ 13 వంతుల నేల అయినా ఒక్క చోట లేదు. ముక్కలు ముక్కలు. తర్వాతి కాలంలో దానికి బంటుస్తాన్‌లు అని పేరు పెట్టి, జులూలకొకటి, త్స్వానాలకొకటి, వెండాలకొకటి, ఖోసాలకి రెండు, ఇట్లా పది చేశారు. నాలుగింటికి 1976కీ 1981కీ మధ్య స్వతంత్ర దేశాలని బోర్డు కూడా కట్టారు. ప్రపంచంలో ఇంకే దేశమూ ఒప్పుకోలేదు. కిటుకు ఏంటంటే, నీ దేశం అది, కాబట్టి నువ్వు ఈ దేశంలో పరాయివాడివి. ఓటడక్కు, ఇల్లడక్కు, పనిచేసి పో. బొఫుతత్స్వానా అనే 'దేశం' మచ్చల ఆవు తోలు మీద మచ్చల్లా విడివిడిగా ఉండేది. పిల్లల చేత ఆ ముక్కలకి రంగు వేయించండి. గనులెక్కడున్నాయి, మంచి పంట నేలలెక్కడున్నాయి, రైలు ఎక్కడినుంచి పోతుంది అని ఇంకో రంగుతో గీయించండి. రెండు రంగులూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో వాళ్లే చెప్తారు.

బంటుస్తాన్ల సంగతి మన నాయకులు కూడా కొంచెం నిదానంగా చదవాలి. అణగారిన కులాలు తమలో తాము వాటా కోసం న్యాయం అడగటం వేరు. పాలకుడు గీతలు గీసి, మీరు మీరు వేరు, తేల్చుకోండి అని పక్కన కూర్చోవటం వేరు. మాల మాదిగ తగువు మాట వచ్చినప్పుడల్లా ఈ తేడా గుర్తుండాలి.

ఇప్పుడు బంగారం దగ్గరికి రండి. 1860ల చివర్లో కింబర్లీ వైపు వజ్రాలు పడ్డాయి, 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం పడింది. దాని మీద లేచిన నగరమే జొహానెస్‌బర్గ్. గనిలోకి దిగటానికి మనుషులు కావాలి. సొంత నేల, సొంత పశువులు ఉన్నవాడు పాతాళంలోకి ఎందుకు దిగుతాడు? అందుకని గుడిసె పన్ను వేశారు, అదీ నగదులోనే కట్టాలన్నారు. నేల తీసేసుకున్నారు. ఇక గనికి పోక ఏం చేస్తాడు? కింబర్లీలో కూలీల్ని కంచె వేసిన బారకాసుల్లో నెలల తరబడి పెట్టి, పోయేటప్పుడు వజ్రం మింగాడేమోనని బట్టలిప్పించి వెతికేవాళ్లు. బంగారం గనులకి మొజాంబిక్, లెసోతో, మలావీ నుంచి కూడా మగవాళ్లని తెచ్చారు. పెళ్లాం బిడ్డలు రాకూడదు. నేల కింద మాట్లాడుకోవటానికి ఫనగలో అనే కలగాపులగం భాష ఒకటి తయారైంది. ఎత్తు, దించు, తవ్వు, తొందరగా, ఇలాంటి హుకుం మాటలకి అందులో కరువు లేదు. మ్పొనెంగ్ అనే గని దాదాపు 4 కిలోమీటర్ల లోతుకి పోయింది. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్‌తో మనుషులు రాలిపోయారు. కంపెనీలు పరిహారం కట్టే ఒప్పందానికి జొహానెస్‌బర్గ్ కోర్టు ఆమోదం వేసింది ఎప్పుడనుకున్నారు? 2019 జులైలో. 500 కోట్ల రాండ్ల మాట. బంగారం పడ్డ 133 ఏళ్లకి.

పగలు నగరంలో పనిచేసినవాళ్లు రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఇదీ భూగోళం ప్రశ్నే. 1904లో జొహానెస్‌బర్గ్‌లో ప్లేగు వచ్చింది. ఆ వంకతో నల్లవాళ్ల గుడిసెలు తగలబెట్టి, జనాన్ని ఊరికి దూరంగా క్లిప్‌స్ప్రూట్ అనే చోటికి తోలారు. అక్కడ పక్కనే ఏముంది? నగరం మురుగంతా పారే మడి. ఆ మురుగు పక్కన మొదలైన వాడే పెరిగి పెరిగి సొవెటో అయింది. సొవెటో అంటే ఏదో ఆఫ్రికా దేవత పేరు కాదు. నైరుతి టౌన్‌షిప్పులు అనే ఇంగ్లిషు మాటల్లో ముందక్షరాలు కలిపి 1963లో పెట్టిన పేరు. ఊరు, దిక్కు, వాడ. దిక్కు పేరు పెట్టి వాడని పిలవటం మనకి కొత్తా? 1950లో గ్రూప్ ఏరియాస్ యాక్ట్ వచ్చాక ప్రతి పట్నంలో ఇదే పని. తెల్ల పేటకీ నల్ల పేటకీ మధ్య రైలు పట్టాలో, ఫ్యాక్టరీలో, ఉత్తి బీడో అడ్డం ఉండాలి. కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటని 1966లో తెల్లవాళ్లకి రాసేసి దాదాపు 60 వేల మందిని లేపేశారు. జొహానెస్‌బర్గ్‌లో సోఫియాటౌన్‌ని 1955 నుంచి కూలగొట్టి, ఆ చోటికి ట్రయోంఫ్, అంటే విజయం, అని పేరు పెట్టుకున్నారు. గుడిసెలు కూల్చి విజయమట.

నగరంలోకి రావాలంటే పాసు. 1952లో ఒక చట్టం చేశారు, దాని పేరు పాసుల రద్దు చట్టం. ఆ పేరుతోనే పాతవన్నీ కలిపి ఇంకా పెద్ద పాసు పుస్తకం చేతిలో పెట్టారు. 16 ఏళ్లు నిండితే అది జేబులో ఉండాలి. అనుమతి లేకుండా నగరంలో 72 గంటలు దాటి ఉంటే జైలు. ఆడవాళ్లకీ పాసులన్నప్పుడు 1956 ఆగస్టు 9న దాదాపు 20 వేల మంది స్త్రీలు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనం ముందుకొచ్చి నిలబడ్డారు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాసులు వద్దని వచ్చిన జనం మీద కాల్పులు జరిపితే 69 మంది చనిపోయారు. పాసు చట్టాలు పోయింది 1986లో.

పేర్ల సంగతి కూడా పాఠమే. ఖోయ్‌ఖోయ్ జనాన్ని హాటెంటాట్‌లన్నారు, సాన్ జనాన్ని బుష్‌మెన్ అన్నారు. మన పుస్తకాల్లోనూ అవే అచ్చేశారు. మిగతా అందరికీ కలిపి కాఫిర్ అని ఒక తిట్టు. మన కులాల పేర్లు తిట్లయినట్టే ఆ మాట తిట్టయింది. 2018లో ఆ మాట పట్టుకుని నల్ల పోలీసుల్ని పదే పదే తిట్టిన తెల్ల స్త్రీకి అక్కడి కోర్టు జైలు శిక్ష వేసింది. మన 1989 చట్టం కింద కేసు పెట్టటానికి స్టేషన్ గుమ్మంలో గంటలు గంటలు నిలబడ్డవాళ్లు ఈ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి.

ఇంకొక అబద్ధం ఉంది. తెల్లవాళ్లు 1652లో కేప్‌లో దిగేనాటికి నేలంతా ఖాళీ అని, నల్లవాళ్లు కూడా దాదాపు అప్పుడే ఉత్తరం నుంచి వచ్చారని ఏళ్ల తరబడి బడిపిల్లలకి నేర్పారు. లింపోపో ఒడ్డున మపుంగుబ్వే అనే కొండ మీద 13వ శతాబ్దంలో ఒక ఆఫ్రికన్ రాజ్యం ఉండేది. తూర్పు తీరం మీదుగా సముద్ర వర్తకం చేసింది. 1930ల్లో అక్కడి సమాధుల్లో బంగారు రేకుతో చేసిన చిన్న ఖడ్గమృగం బొమ్మ దొరికింది. నేల ఖాళీగా ఉందనే వాళ్ల కథకి ఆ బొమ్మ అడ్డమొచ్చింది. అందుకే అది చాలాకాలం బడి పుస్తకాలకెక్కలేదు. మన పిల్లలకి ఆఫ్రికా అంటే ఆకలి, గొలుసులు, జాలి, ఇవే చూపించొద్దు. ముందు ఆ ఖడ్గమృగాన్ని చూపించండి.

ఇక అసలు సంగతి. 1953లో బంటు ఎడ్యుకేషన్ యాక్ట్ వచ్చింది. దాన్ని తెచ్చిన మంత్రి వెర్‌వూర్డ్. కొన్ని రకాల కూలిపనికి మించి నల్లవాడికి తెల్ల సమాజంలో చోటు లేదని, వాడని లెక్కలు నేర్పి ఏం లాభమని ఆయన బాహాటంగానే చెప్పాడు. మన దగ్గర ఈ ముక్క మంత్రులు చెప్పలేదు, శాస్త్రాల్లో రాసి పెట్టారు. 1975-76లో ఆ ప్రభుత్వం తెల్ల పిల్ల చదువుకి ఏడాదికి 644 రాండ్లు పెడితే ఆఫ్రికన్ పిల్లకి 42 రాండ్లు పెట్టింది. అది చాలదన్నట్టు 1974లో ఇంకో హుకుం. నల్ల పిల్లల హైస్కూళ్లల్లో లెక్కలు, సోషల్ స్టడీస్ ఆఫ్రికాన్స్ భాషలోనే చెప్పాలి. ఆఫ్రికాన్స్ అంటే పోలీసు భాష, పాసాఫీసు భాష, ఆసామి భాష. చూశారా, భూగోళం పాఠమే! తమ నేలని లాక్కున్నవాడి భాషలో తమ నేల గురించి చదవమన్నారు. 1976 జూన్ 16న సొవెటో పిల్లలు వేలమంది యూనిఫారాల్లోనే రోడ్డెక్కారు. పోలీసులు కాల్చారు. హెక్టర్ పీటర్సన్‌కి అప్పుడు 12 ఏళ్లు. వాణ్ణి చేతుల్లో ఎత్తుకుని ఒక కుర్రాడు పరిగెత్తటం, పక్కన వాడి అక్క ఏడుస్తూ రావటం, ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాతి నెలల్లో చనిపోయినవాళ్లు వందల్లో ఉన్నారు.

ఇక్కడ మన తెలుగు పండితులతో ఒక పేచీ ఉంది. వాడల పిల్లలకి ఇంగ్లిషు మీడియం అనగానే కొందరు సొవెటోని సాక్ష్యం తెస్తారు, చూశారా అక్కడ పిల్లలు మాతృభాష కోసం ప్రాణాలిచ్చారని. అది నిజం కాదు. బంటు చదువే మాతృభాషని ఎనిమిదేళ్లు సాగదీసి పెట్టింది, పిల్లలు బంటుస్తాన్ దాటి పోకుండా. సొవెటో పిల్లలు కాదన్నది ఆఫ్రికాన్స్‌ని. చాలామంది కోరుకున్నది ఇంగ్లిషు. 2019లో ఆంధ్ర ప్రభుత్వం ఇంగ్లిషు మీడియం జీవోలు ఇస్తే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. అప్పుడు తెలుగు తల్లి కోసం కన్నీళ్లు పెట్టుకున్న పెద్దమనుషుల మనవలు ఏ బళ్లల్లో చదువుతున్నారో అందరికీ తెలుసు. మాతృభాషలో చదువు మంచిదే. ఎవరికి మంచిదో ఎవరు తేలుస్తున్నారన్నదే సొవెటో అడిగిన ప్రశ్న.

ఆ పిల్లల వెనక స్టీవ్ బికో అనే యువకుడి ఆలోచన ఉంది. 1969లో నల్ల విద్యార్థుల సొంత సంఘం పెట్టాడు. మంచి తెల్లవాళ్లు మన తరఫున మాట్లాడితే చాల్లే అనే అలవాటు పోవాలన్నాడు. నల్లవాళ్లు అంటే ఆఫ్రికన్లే కాదు, కలర్డ్ జనం, ఇండియన్లు, అణచబడి తలెత్తిన వాళ్లంతా అన్నాడు. 1977 సెప్టెంబరు 12న పోలీసుల చేతిలో దెబ్బలు తిని చనిపోయాడు, 30 ఏళ్లకే.

ఇండియన్ల పేరొచ్చింది గనక ఆ సంగతీ దాచకుండా చెప్పాలి. 1860 నవంబరు 16న ట్రురో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తీసుకుని డర్బన్ చేరింది. 1911 వరకు నాటాల్ చెరుకు తోటలకి, రైలు పనికి, బొగ్గు గనులకి పోయినవాళ్లు లక్షా 52 వేలు. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాలో ప్రతి కూలీకీ పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీద గుర్తుతో పాటు కులం అని ఒక గడి. సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రం. దొర గుమాస్తా మాత్రం దాన్ని రాసి మరీ ఓడెక్కించాడు. అయిదేళ్ల ఒప్పందం, నెలకి 10 షిల్లింగులతో మొదలు. గడువు తీరాక ఉండదలిస్తే తలకి 3 పౌండ్ల పన్ను. 1913 సమ్మె తర్వాత గానీ ఆ పన్ను పోలేదు.

సొంత టిక్కెట్టు కొనుక్కుని పోయిన వర్తకుల సంగతి వేరు. 1890ల్లో డర్బన్ పోస్టాఫీసుకి రెండు తలుపులు. ఒకటి తెల్లవాళ్లకి, రెండోది ఇండియన్లకీ ఆఫ్రికన్లకీ కలిపి. గాంధీగారి నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ అర్జీ పెట్టింది. దేనికి? తలుపులు తీసేయమని కాదు, ఆఫ్రికన్లతో కలిపి నిలబెట్టొద్దని. అర్జీ నెగ్గింది, మూడో తలుపు వచ్చింది. రెండు గ్లాసులు చూసినవాళ్లకి మూడు తలుపుల అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. దీని తర్వాత రెండో పక్కా చెప్పండి. 1947లో డాక్టర్ దాదూ, డాక్టర్ నాయకర్ అనే ఇద్దరు ఇండియన్ నాయకులు ఏఎన్‌సీ అధ్యక్షుడు డాక్టర్ జూమాతో కలిసి ఉమ్మడి పోరాటానికి సంతకం చేశారు. అహ్మద్ కత్రాడా 1964లో మండేలాతో పాటే యావజ్జీవం పడి, జైళ్లలో 26 ఏళ్లు గడిపాడు. ఒకే జనంలో రెండు దారులు.

కులమూ జాతీ ఒకటేనని కొందరు మన మిత్రులు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పిల్లలకి అట్లా చెప్పొద్దు. అక్కడ 1950లో జనాన్ని జాతులుగా నమోదు చేసే చట్టం పెట్టి, ఎవరు ఏ జాతో తేల్చటానికి జుట్టులో పెన్సిల్ దోపి నిలబడుతుందా జారుతుందా అని చూసిన అధికారులున్నారు. ఒకే తల్లి పిల్లలు రెండు జాతులైన ఇళ్లున్నాయి. మన దగ్గర పెన్సిల్ అక్కర్లేదు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని రెండు మాటలడిగితే చాలు. అక్కడ తెల్ల దొరసాని వంటింట్లో నల్లామె వండుతుంది, దొరసాని బిడ్డని వీపున మోసి పెంచుతుంది, తన బిడ్డ ఎక్కడో బంటుస్తాన్‌లో ముసలమ్మ దగ్గర. ఇక్కడ బళ్లో మధ్యాహ్నం భోజనం మనామె వండితే కంచం తోసేసిన పిల్లలున్నారు. అక్కడ తెల్లవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. ఇక్కడ మనమే ఆరింట ఒకరం. అక్కడ గోడ చట్టంలో ఉంది, భూమి చట్టాలూ పేటల చట్టమూ 1991లో రద్దు చేశారు. ఇక్కడ అంటరానితనాన్ని 1950లోనే రాజ్యాంగం రద్దు చేసింది. గోడ దాని పుస్తకాల్లో లేదు గనక అది అట్లాగే ఉంది. 2001లో డర్బన్‌లోనే ఐక్యరాజ్యసమితి జాతివివక్ష మీద పెద్ద సభ పెట్టింది. మన దళితులు వందల మంది పోయి కులం మాట కూడా రాయమన్నారు. భారత ప్రభుత్వం అడ్డం పడింది. ప్రభుత్వాల తీర్మానంలో ఆ మాట రాలేదు.

1994 ఏప్రిల్ 27న ఓట్లేసి మండేలాని గెలిపించుకోవటంతో కథ సుఖాంతమని ముగించే పాఠాలున్నాయి, అవి పనికిరావు. ఐదేళ్లలో నూటికి 30 వంతుల సాగునేల పంచుతామన్నారు, పంచలేదు. 2017 ప్రభుత్వ లెక్కలో వ్యక్తుల పేరు మీదున్న సాగుభూమిలో నూటికి 72 వంతులు తెల్లవాళ్లది, ఆఫ్రికన్లది 4. 2008లో పేద వాడల్లో జింబాబ్వే, మొజాంబిక్ నుంచి వచ్చిన కూలీల మీద పడి 60 మందికి పైగా చంపారు. 2012 ఆగస్టు 16న మరికానాలో జీతం పెంచమన్న గని కార్మికుల్ని 34 మందిని కాల్చింది నల్లవాళ్ల ప్రభుత్వపు పోలీసులే. 2025 జనవరిలో ప్రజావసరానికి భూమి తీసుకునే కొత్త చట్టం మీద సంతకమైంది, కొన్ని సందర్భాల్లో పరిహారం లేకుండా కూడా. వెంటనే అమెరికాలో ట్రంప్ తెల్ల రైతులకి అన్యాయం జరుగుతోందని గోల పెట్టి, మే నెలలో కొందర్ని శరణార్థులుగా విమానమెక్కించుకున్నాడు. 1913లో చలిలో దారినపడ్డ కుటుంబాలకి ఏ విమానమూ రాలేదు.

మన బళ్లు తెరిచేది జూన్ రెండో వారంలో. సొవెటో రోజు జూన్ 16. ఆ సాయంత్రం ఈ పాఠం మొదలుపెట్టండి. తెల్ల కాగితాలు, నాలుగు రంగు పెన్సిళ్లు చాలు. ముందు పిల్లల చేత మన ఊరి పటం గీయించండి. చెరువు, బావులు, గుడి, బడి, రోడ్డు, శ్మశానం, వాడ, ఎవరి పొలం ఎక్కడ. మురుగు ఎటు పారుతుందో బాణం గుర్తు పెట్టించండి. ఆ తర్వాతే దక్షిణాఫ్రికా. ఆ పిల్లలు గీసిన ఊరి పటాలు, వాడ పేరు, తరగతి రాసి మాకు పంపండి. వచ్చే సంచికల్లో జాగా ఉన్నన్ని వేస్తాం.